రాతి కడుపులో రెండో ఖాళీ

అచ్చులక్క మరిది క్వారీలో మందు పేల్చే పని చేస్తాడు. రాతిగోడలో తేలిన ఆ రంధ్రం ఊపిరి తీసుకుంటోందని మొదట కనిపెట్టింది అతనే.

అచ్చులక్క అసలు పేరు జీతాల రిజిస్టర్‌లో తప్ప ఎక్కడా వాడుకలో లేదు. ఆసుపత్రి వెనక సందులో, రేకుల షెడ్డులో, కృత్రిమ కాళ్లు చేసే కార్ఖానా ఉంది. పద్దెనిమిదేళ్లుగా అక్కడ అచ్చులు తీసేది ఆవిడే. కాలు పోయినవాళ్లు వచ్చి బల్ల మీద కూర్చుంటారు. మిగిలిన మొండికి తడి ప్లాస్టరు గుడ్డ చుట్టి, రెండు అరచేతులతో నిమిరి, కండ ఎక్కడ, ఎముక ఎక్కడ అని వేళ్లతోనే చదివి అచ్చు తీస్తుంది. "బిగపట్టకండి, వదిలెయ్యండి" అన్న మాట రోజుకు యాభైసార్లు అంటుంది. బిగపట్టిన కాలికి తీసిన అచ్చు పనికిరాదు. మనిషి కుదుటపడగానే కండ జారి, లోపల కాలు గిలక్కాయలా ఆడుతుంది.

మరిదికి ఎడమ కాలు మోకాలి కింద లేదు. ఆరేళ్ల కిందట క్వారీలో బండ దొర్లి నుజ్జయింది. వదిన చేసిచ్చిన కాలుతోనే మళ్లీ అదే క్వారీకి వెళ్లాడు. "పైసగం మా అమ్మ కన్నది, కిందిసగం మా వదిన కన్నది" అని అందరికీ చూపించేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం అతను కార్ఖానాకి వచ్చినప్పుడు ముఖంలో ఆ వెటకారం లేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"వదినా, రాయి ఊపిరి తీసుకుంటుందా?"

"పట్టపగలే తాగొచ్చావా?"

"నీమీద ఒట్టు. నిన్న పొద్దున పేల్చాం కదా, గోతిలో అన్నిటికంటే కింది మెట్టు, అడుగు అరలో. దుమ్ము దిగాక చూస్తే గోడలో ఒక రంధ్రం తేలింది. మనిషి దూరేంత ఉంది. దాని ముందు కూర్చుని, కాలు విప్పి పక్కన పెట్టి, సిగరెట్టు వెలిగించా. పొగంతా ఆ రంధ్రంలోకి పోయింది. ఎవరో లోపల్నుంచి పీల్చినట్టు. సరే, గాలి అనుకున్నా. ఇవాళ మళ్లీ వెళ్లి కూర్చుంటే, పొగ లోపలికి పోవట్లేదు. నా మొహం మీదికే కొడుతోంది. వెచ్చగా."

"మేస్త్రి ఏమన్నాడు?"

"ఆయనేమంటాడు? చెయ్యి పెట్టి చూసి, చెయ్యి తీసి, జేబులో పెట్టుకున్నాడు. ఆ గోడ దగ్గర పని వద్దని అందర్నీ పైకి పంపేశాడు. మ్యూజియం వాళ్లకి ఫోను చేశాడట. రాళ్ల మేడం అని ఒకావిడ వస్తుందట."

రాళ్ల మేడం మర్నాడే వచ్చింది. మ్యూజియంలో రాళ్ల విభాగమంతా ఆవిడ చేతి కింద ఉంటుంది. అరవైకి దగ్గర పడిన మనిషి, కత్తిరించిన తెల్లజుట్టు, మగవాళ్ల బూట్లు. రంధ్రంలోకి దీపం దించింది, తీగ చివర కట్టిన ఏవో పరికరాలు దించింది, తలకాయంతా లోపలికి పెట్టి పదినిమిషాలు ఉండిపోయింది. బయటికొచ్చి అడిగిన మొదటి ప్రశ్న, "ఇక్కడ అచ్చు పోయడం తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని. మరిది తన కాలు ఎత్తి చూపించాడు.

అలా అచ్చులక్క క్వారీలోకి దిగింది.

ఎన్నాళ్లుగానో మరిది నోట విన్నదే తప్ప ఆవిడ ఎప్పుడూ చూడలేదు. మెలికలు తిరిగిన లారీ దారి కిందికి దిగుతూంటే రెండు పక్కలా నల్లటి గోడలు లేచాయి. మెట్లుమెట్లుగా ఉన్నాయి. ఒక్కో మెట్టు మూడంతస్తుల మేడంత. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఇటుక రంగు చార ఒకటి, ఎవరో గీత కొట్టినట్టు గోడ పొడుగునా సాగింది. క్రషరు ఆపేసి ఉంది. అంత పెద్ద గోతిలో పిట్ట కూత కూడా లేదు.

"ఆ ఎర్ర చారలేంటి మేడం?"

"నేల" అంది రాళ్ల మేడం. "ఒకప్పటి నేల. గడ్డి మొలిచిన మట్టి. దానిమీదికి లావా వచ్చి కూర్చుంటే కాలి ఇటుకైపోయింది."

"ఒక్కో చార ఒక్కో నేలా?"

"ఒక్కోటీ. ఈ గోతిలోనే పదకొండు ఉన్నాయి. ఒకసారి లావా వస్తుంది. చల్లారుతుంది. తర్వాత ఏమీ ఉండదు. పదివేల ఏళ్లు, ఒక్కోసారి లక్ష. రాయి మెత్తబడి మట్టవుతుంది, గడ్డి, చెట్లు, చెరువులు, జంతువులు. ఆ జంతువుల తాతముత్తాతలకి కూడా ఏం జరిగిందో గుర్తుండదు. మళ్లీ వస్తుంది."

"అగ్నిపర్వతం ఎక్కడుంది?" అని చుట్టూ చూసింది అచ్చులక్క. ఊరి చుట్టుపక్కల కొండన్నదే లేదు.

"కొండ లేదు. నేల చీలింది, అంతే. ఇక్కణ్ణుంచి రైల్లో ఒక రాత్రి పట్టేంత దూరంలో. అక్కణ్ణుంచి ఇక్కడిదాకా పాక్కుంటూ వచ్చింది."

"అంత దూరం వచ్చేసరికి చల్లారిపోదా?"

రాళ్ల మేడం ఆగి ఆవిడ వంక తేరిపార చూసింది. అడగాల్సిన ప్రశ్న అడిగినందుకు సంతోషించినట్టుంది. "పాలు కాచి దించితే మీగడ కడుతుంది కదా. కింద పాలు ఎంతసేపు వేడిగా ఉంటాయి? ఇదీ అంతే. పైన తోలు కట్టింది. ఆ తోలు కింద లావా వేడి తగ్గకుండా నడిచింది. ముందు ఒక బొటనవేలంత ముద్ద బయటికి పొడుచుకొస్తుంది. ఆగుతుంది. లోపల్నుంచి ఇంకా తోసుకొస్తూంటే ఉబ్బుతుంది. పగులుతుంది. ఆ పగుల్లోంచి ఇంకో వేలు. మనం వరద అంటాం గానీ అది వరదలా రాలేదు. మోకాలెత్తున వచ్చి, ఉన్నచోటే ఉబ్బి ఉబ్బి, కొన్నేళ్లకి ఇంత మందమైంది."

"ఎంత జోరుగా వచ్చేది?"

"ఇక్కడికొచ్చేసరికా? ముసలివాళ్లు కర్ర పట్టుకుని నడిచినా తప్పించుకోవచ్చు."

రంధ్రం అట్టడుగు అరలో ఉంది. దాని చుట్టూ రాయి మిగతా గోడలా నిలువు స్తంభాలుగా లేదు. దిండ్లు పేర్చినట్టు గుండ్రటి ముద్దలు ముద్దలుగా ఉంది. అక్కడో చెరువు ఉండేదనీ, నీళ్లలో పడ్డ లావా ఇలా దిండ్లు కడుతుందనీ, నీళ్లే గనక లేకపోతే లోపలున్నది క్షణంలో బూడిదయ్యేదనీ రాళ్ల మేడం చెప్పింది.

"లోపలేముంది?"

"ఇప్పుడేమీ లేదు. ఒకప్పుడు ఉన్నదాని ఆకారం ఉంది. చెయ్యి పెట్టి చూడండి."

అచ్చులక్క గాజులు తీసి మరిది చేతికిచ్చి, బోర్లా పడుకుని, భుజందాకా చెయ్యి లోపలికి పోనిచ్చింది. గరుకైన రాయి. వేళ్లు కదిపేకొద్దీ రాయి రాయిలా లేకుండా పోయింది. మడతలు. చర్మం మడతలు. పిరుదు గుండ్రం. దాని కింద చొక్కా చేతిలాంటి బోలు ఒకటి కిందికి దిగింది. వెనక కాలు. అచ్చు లోపలివైపు పట్టుకుని కాలు ఎలాంటిదో చెప్పడం ఆవిడకి అలవాటే. పిక్క దగ్గర వేళ్లు ఆగాయి. మళ్లీ నిమిరింది. డెక్కదాకా వెళ్లింది. మూడు వేళ్ల డెక్క. ఆ మూడూ విచ్చుకుని ఉన్నాయి.

ఆవిడ చెయ్యి లాగేసి లేచి కూర్చుంది.

"గేదెకంటే పెద్దది" అంది రాళ్ల మేడం. "ఖడ్గమృగం జాతికి చెందినది. ఆ జాతి ఇప్పుడు లేదు. లావా రాకముందే చచ్చి చెరువులో తేలుతూ ఉండాలి."

"చచ్చింది కాదు మేడం."

"ఎలా చెప్తారు?"

"పిక్క ఉండ కట్టింది. వేళ్లు విప్పి నేలని పట్టుకుంది. బరువంతా వెనక్కి తోస్తోంది."

"చచ్చాక కూడా కాళ్లు బిగుసుకుంటాయి కదా."

"బిగుసుకోవడం వేరు, బిగపట్టడం వేరు." ఆ మాట ఆవిడ చాలా మెల్లగా అంది. "రోజూ చూస్తాను. ఇది బిగపట్టింది."

రాళ్ల మేడం నవ్వలేదు. "అలాగైతే అది నడిచి వెళ్లిపోయేది" అంది. "అంత నిదానంగా వచ్చినదాని ముందు ఎందుకు నిలబడుతుంది?"

రంధ్రంలోంచి గాలి వస్తోంది. అది మామూలేనని రాళ్ల మేడం చెప్పింది. ఈ రాతిలో మైళ్ల కొద్దీ పగుళ్లు ఉంటాయి, వాటినిండా గాలి ఉంటుంది. మబ్బు పట్టేముందు బయట గాలి బరువు తగ్గితే లోపలిది బయటికొస్తుంది, ఎండ కాస్తే బయటిది లోపలికి పోతుంది. ఇలాంటి రాతిలో తవ్విన బావులన్నీ ఇలాగే ఊపిరి తీసుకుంటాయట. చక్కగా చెప్పింది. మరిది తల ఊపాడు. కానీ ఆ తర్వాత సిగరెట్టు మాత్రం దాని ముందు వెలిగించలేదు.

ప్లాస్టరు పోయడం మర్నాడు మొదలుపెట్టారు. గోనె పీచు కలిపి, చిక్కగా, బకెట్లతో అందిస్తూ మేస్త్రి, మరిది. రంధ్రం అంచు దాకా నిండేసరికి మధ్యాహ్నం రెండైంది. గట్టిపడటానికి ఒక రోజు చాలు అంది అచ్చులక్క.

పొద్దున్నే వెళ్లి చూస్తే ఖాళీగా ఉంది.

అడుగున తెల్లటి పూత తప్ప ప్లాస్టరు లేదు. మేస్త్రి రెండడుగులు వెనక్కి వేసి, "తాగేసింది" అన్నాడు. లారీ దారి ఎక్కి వెళ్లిపోయాడు. ఆ రోజు మళ్లీ కిందికి రాలేదు.

"ఎక్కడో పగులుంది" అంది అచ్చులక్క. పనిలో తేడా వస్తే ఆవిడకి భయం ముందు రాదు, కోపం వస్తుంది. "గట్టిపడకముందే కారిపోయింది. ఆ పగులెక్కడుందో చూసి మట్టి పెట్టి మూయాలి. తల వైపే ఉంటుంది, వాలు అటే ఉంది."

"ఎవరు దూరతారు?" అన్నాడు మరిది.

"నువ్వు దూరతావా, నీ కాలు ఇరుక్కుంటే మళ్లీ నేనే చెయ్యాలి."

రాళ్ల మేడం వద్దంది. క్రేను తెప్పించి పై బండలు తీయిద్దామంది. ఆకాశం అప్పటికే పడమటి వైపు నల్లబడుతోంది. వాన పడితే గోతిలో నీళ్లు నిలుస్తాయి. అచ్చులక్క కొంగు నడుముకి బిగించి, తలకి దీపం కట్టుకుని, నడుముకి తాడు వేయించుకుని, మట్టిముద్ద ఉన్న సంచి ముందుకి తోసుకుంటూ లోపలికి పాకింది. నిన్నటి ప్లాస్టరు తడి ఇంకా ఉంది. రెండు చేతులూ మోచేతులదాకా తెల్లగా అయ్యాయి.

లోపల, తనకంటే పెద్దదైన ఒక శరీరంలో, ఆవిడ బోర్లా పడుకుని ఉంది. పక్కటెముకల దగ్గర గోడ ఉబ్బుగా ఉంది. ఊపిరి నిండా పీల్చి పట్టినట్టు. వీపు మీద, లావా వచ్చిన వైపు, చర్మం ముద్ర మాడి గీతలు పడింది. పొట్ట వైపు ప్రతి వెంట్రుకా కనిపిస్తోంది. మంట వచ్చిన వైపుకి వీపు పెట్టి నిలబడిందని ఆవిడకి అర్థమైంది. పారిపోయే జంతువు అలా నిలబడదు. దేనికో అడ్డంగా నిలబడిన జంతువు నిలబడుతుంది.

మెడ కింద, రెండు ముందుకాళ్ల మధ్య, పగులు దొరికింది. తీరా చూస్తే అది పగులు కాదు. అంచులు గుండ్రంగా ఉన్నాయి. దీపం వెలుగు లోపలికి పోవడంలేదు. అచ్చులక్క చెయ్యి పెట్టింది.

అది ఇంకో ఖాళీ, అందులోనూ ప్లాస్టరు జాడ లేదు. చిన్నది. మొదట చెవి దొరికింది, రాతిలో చిన్న గరిటెలా. తర్వాత కంటి గుంట. కళ్లు మూసుకుని ఉన్నాయి. నుదురు. పెద్దదాని లోపలంతా మడతలూ వెంట్రుకలూ గరుకుగా తగిలిన వేళ్లకి ఈ నుదురు దగ్గర ఏమీ తగల్లేదు. అరచెయ్యంత మేర గాజులా నున్నగా ఉంది. నున్నగా ఉండి మధ్యలో కొంచెం పల్లంగా ఉంది. ఏళ్ల తరబడి అందరూ తొక్కిన గడప పల్లమైనట్టు. ఎవరో అక్కడ అదేపనిగా నాకినట్టు.

లావా చల్లారాక గదా ఇది రాయైంది, అనుకుంది ఆవిడ. రాయైన తర్వాత, రంధ్రం మూసి ఉండగా, ఎవరు నాకారు?

అప్పుడు గాలి వచ్చింది. చిన్న ఖాళీలోంచి కాదు. ఆవిడ తల పైనుంచి, పెద్దదాని మూతి ఉండాల్సిన చోటునుంచి. పశువుల పాకలో తెల్లవారుజామున ఉండే వెచ్చదనం. మెడ మీదుగా, వీపు మీదుగా కాళ్లదాకా పాకి ఆగింది. కొంచెంసేపు ఏమీ లేదు. మళ్లీ వచ్చింది.

అచ్చులక్క చెయ్యి వెనక్కి లాగింది. రాలేదు. మోచేయి ఆ గుండ్రటి అంచు దగ్గర పట్టేసింది. గట్టిగా లాగింది. ఇంకా బిగుసుకుంది. తాడు చివర బయట ఎవరో ఉన్నారన్న సంగతి కూడా ఆ క్షణంలో గుర్తులేదు.

అప్పుడు ఆ చేతి వెనకవైపు మీద ఏదో ఒకసారి రాసుకుంది. కిందినుంచి పైకి. గరుగ్గా, తడిగా, నిదానంగా. ఒక్కసారే.

పద్దెనిమిదేళ్లుగా ఇతరులకి చెప్పిన మాట ఆవిడ తనకి తాను పైకే చెప్పుకుంది. "బిగపట్టకు. వదిలెయ్." కళ్లు మూసుకుంది. భుజం వదిలింది, మోచేయి వదిలింది, పిడికిలి వదిలింది. చెయ్యి తనది కాదనుకుంది. అది తడి గుడ్డలా జారి బయటికొచ్చింది.

తర్వాత ఏం చేసిందో ఆవిడకి బాగా గుర్తుంది. పరిగెత్తుకు రాలేదు. సంచిలోంచి మట్టిముద్ద తీసి, పిసికి, ఆ చిన్న ద్వారానికి నిండుగా పెట్టి, చుట్టూ అంచు నొక్కి, పైన నల్లరాతి పొడి అద్దింది. కార్ఖానాలో కాలి మొండి మీద పుండుకి అచ్చు తగలకుండా దూది అద్దినట్టే, అంత ఓపిగ్గా. అప్పుడు తాడు రెండుసార్లు లాగింది. మరిది చీలమండలు పట్టుకుని బయటికి ఈడ్చాడు.

"ఏంటి వదినా, అంతసేపు? పిలుస్తుంటే పలకవేం?"

"పగులు దొరికింది. మూసేశాను." ఆవిడ రాళ్ల మేడం వైపు చూడలేదు. "పోయండి. ఇప్పుడు నిలుస్తుంది."

నిలిచింది. వాన పడేలోపు నిండా పోసి టార్పాలిను పట్టా కప్పారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ భర్త పళ్లెం ముందు కూర్చుని భార్య కుడిచేతి వంక చూశాడు. ఆయన బస్సు డ్రైవరు, మాటలు పొదుపుగా వాడే మనిషి. చెయ్యంతా ప్లాస్టరు ఎండి తెల్లగా ఉంది, వెనకవైపు రెండు వేళ్ల వెడల్పు చార తప్ప. ఆ చార శుభ్రంగా ఉంది. అక్కడ ప్లాస్టరు లేదు, గీసుకున్న దెబ్బా లేదు.

"కడుక్కోలేదేం?"

"కడుగుతాలే."

ఎడమచేత్తో తింటున్న భార్యకి తనే నీళ్లు వంచి ఇచ్చాడు. ఆవిడ ఆ చెయ్యి మర్నాడు మధ్యాహ్నందాకా కడగలేదు.

దిండ్లలాంటి రాయి పలుగుకి సులువుగానే ఊడింది. వారం రోజుల్లో నల్లరాతిలోంచి తెల్లటి జంతువు బయటపడింది. వెనక కాళ్లు నేలని తోస్తూ, వీపు వంచి, తల కిందికి దించి. చూసిన వాళ్లంతా అది మేస్తోందన్నారు. మ్యూజియం హాల్లో పెట్టారు. పక్కన బోర్డు మీద, లావా రాకముందే చనిపోయి ఉండవచ్చు అని రాశారు. అచ్చు పోసినవారి పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంది. మరిది దాని ముందు నిలబడి ఫోటో దిగాడు, తన కాలు కూడా పడేలా.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం రాళ్ల మేడం కార్ఖానాకి వచ్చింది. ఎవరూ లేరు, భోజనాల వేళ. కొలతల బల్ల మీద కూర్చుని, అచ్చులక్క ఇచ్చిన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది.

"ఆ మట్టిముద్ద మీద మీ వేళ్ల గుర్తులున్నాయి" అంది. "రాతిపొడి అద్దారు గానీ ఒకచోట రాలిపోయింది. పలుగు పెట్టబోతే నేనే ఆపాను. అటు రాయి గట్టిగా ఉంది, వద్దన్నాను."

అచ్చులక్క చేతిలో పని పక్కన పెట్టింది.

"లోపల ఏముంది?"

"పిల్ల" అంది అచ్చులక్క. "చెరువు బురదలో మోకాళ్లదాకా దిగబడి ఉండాలి. తల్లి దాన్ని వదిలి పోలేదు. ముందు ఒక వేలు వచ్చింది, ఆగింది, ఉబ్బింది అన్నారు కదా మీరు. రోజంతా పట్టి ఉంటుంది. రోజంతా అది చూస్తూ నిలబడింది."

"ఎందుకు మూసేశారు? అది దొరికితే ఎంత..." అని రాళ్ల మేడం మధ్యలో ఆగిపోయింది.

అచ్చులక్క అంతా చెప్పింది. నున్నటి నుదురు, గాలి, చేతి మీద చార. రాళ్ల మేడం అడ్డు రాకుండా విన్నది. నీళ్లలో పడ్డ లావా పైపొర గాజవుతుందనీ, నున్నగా ఉండటానికి అదే కారణం కావచ్చనీ అంది. పల్లంగా ఉండటం గురించి ఏమీ అనలేదు. టీ చల్లారింది.

"మొదటి రోజు నేను తీగ దించాను, మీ మరిది చెప్పే ఉంటాడు. లోపలి వేడి చూడటానికి. ఆ లోతులో రాయి ఎప్పుడూ ఒకటే వేడి ఉంటుంది, ఇరవై నాలుగు, ఇరవై ఐదు డిగ్రీలు. ముప్పై ఎనిమిది దాటి చూపించింది, బతికున్న పశువు ఒంటి వేడి. పరికరం పాడైందనుకుని మర్నాడు ఇంకోటి తెచ్చాను. అదీ అంతే చూపించింది. మీరింకా లోపలికి దిగకముందు మాట ఇది."

"రాశారా?"

"రిపోర్టులో ఆ గడి ఖాళీగా వదిలేశాను." ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "ముప్పై అయిదేళ్లలో ఒక్క గడి ఖాళీగా వదల్లేదు నేను."

వెళ్లేముందు రాళ్ల మేడం అచ్చులక్క కుడిచెయ్యి పట్టుకుని, వెనక్కి తిప్పి చూసి, వదిలింది.

దిండురాయి కంకరకి పనికిరాదు, చేత్తో నలిపినా పొడైపోతుంది. అందుకని ఓనరు ఆ అడుగు అరలో పని మానేసి అవతలి గోడవైపు మొదలుపెట్టాడు. నీళ్లు తోడే మోటార్లు తీసేశారు. వానాకాలం పోయేసరికి అడుగంతా నీళ్లు నిండాయి. మళ్లీ చెరువైంది అన్నాడు మరిది. చూపిస్తానని ఒక ఆదివారం పగలు స్కూటరు మీద తీసుకెళ్లాడు.

నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి. గట్టు మీద అప్పుడే గడ్డి పరకలు లేచాయి. పైనున్న పదకొండు ఎర్ర చారలూ నీళ్లలో తలకిందులుగా కనిపిస్తున్నాయి. మరిది వంగి ఒక పలకరాయి ఏరుకున్నాడు, నీళ్లమీద గంతులేయించడానికి.

"వెయ్యకు" అంది అచ్చులక్క.

"ఏం?"

"ఊరికే. వెయ్యకు."

అతను వదిన ముఖం చూసి రాయి కింద పడేశాడు. కాసేపు ఇద్దరూ గట్టు మీద నిలబడ్డారు. ఎండగా ఉన్నా మోకాళ్ల దగ్గర చల్లగాలి తగులుతోంది, నీళ్లవైపుకి పోతూ, అడుగునుంచి ఎవరో పీల్చుకుంటున్నట్టు. తిరిగి వెళ్తూంటే మరిది నడకలో కిర్రుమని చప్పుడు వినిపించింది.

"ఆ చప్పుడు ఎప్పట్నుంచి?"

"వారం నుంచి. మోకాలి కింద ఒరుసుకుంటోంది."

"చెప్పవేం మరి? రేపు కార్ఖానాకి రా. కొత్త అచ్చు తియ్యాలి, నువ్వు చిక్కిపోయావు."

"పని ఉంది వదినా."

"పని ఎక్కడికీ పోదు. తొమ్మిదింటికల్లా ఉండు" అంటూ ఆవిడ స్కూటరు వెనక ఎక్కి కూర్చుంది.